రెండు లక్షల పుటల్లో ఒక పేరు

మీ బడిలో పాత రిజిస్టర్లు దాచే బీరువాను ఎప్పుడైనా చూశారా? ఒకరోజు ప్రధానోపాధ్యాయులుగారు దాని తాళం తీసి, "మీ తాతగారు ఈ బళ్లోనే చదివారట గదా! ఆయన పేరు ఎక్కడుందో చూసుకో" అన్నారనుకోండి. మీకు ఎంతో సంతోషం కలుగుతుంది. తీరా చూస్తే బీరువా నిండా అరవై ఏళ్ల రిజిస్టర్లు! తాతగారు ఏ సంవత్సరంలో చేరారో మీకు తెలియదు. కొన్ని పుటలను చెదలు తిన్నాయి. కొన్నిచోట్ల సిరా వెలిసిపోయింది. సాయంత్రం గంట కొట్టేసరికి మూడు రిజిస్టర్లయినా పూర్తికావు.

తాళం తీశారు. చూడవద్దని ఎవరూ అనలేదు. అయినా తాతగారు దొరకలేదు!

ప్రభుత్వ కార్యాలయాలు, కోర్టులు, జైళ్లు రాసి పెట్టిన కాగితాల విషయంలోనూ ఇదే చిక్కు. వాటిని ప్రజలు చూడవచ్చునని అనుమతి ఇవ్వడం ఒక పని. కావలసిన కాగితం కావలసినవారికి దొరికేటట్లు చేయడం మరొక పని. ఈ రెండో పని ఎలా జరుగుతుందో ఒక నిజమైన ఉదాహరణతో తెలుసుకుందాం.

లండను కోర్టు పుస్తకాలు

లండను నగరంలో ఓల్డ్ బెయిలీ అనే పేరుగల కోర్టు ఉంది. అక్కడ జరిగిన విచారణల వివరాలను 1674 నుండి 1913 వరకు చిన్న పుస్తకాలుగా అచ్చువేస్తూ వచ్చారు. సుమారు 240 ఏళ్లలో అవి లక్షా 90 వేల పుటలయ్యాయి. వాటిలో లక్షా 97 వేలకు పైగా విచారణలు ఉన్నాయి.

ఆ పుటల్లో కనిపించేవారు రాజులూ కాదు, మంత్రులూ కాదు. చేతిరుమాలు దొంగిలించిన కుర్రవాడు, యజమాని గిన్నెలు తాకట్టుపెట్టిన పనిమనిషి, సొమ్ము పోగొట్టుకున్న దుకాణదారు, సాక్ష్యం చెప్పడానికి వచ్చిన పక్కింటి ముసలమ్మ - ఇలాంటివారు. వీరిలో చాలామంది మాట్లాడిన మాటలు మరెక్కడా నమోదు కాలేదు. కోర్టులో చెప్పిన ఆ నాలుగు మాటలే మనకు మిగిలాయి.

ఈ పుస్తకాలు రహస్యమైనవి కావు. పెద్ద పెద్ద గ్రంథాలయాల్లో ఉండేవి. కాని వాటిలోని మొత్తం మాటలు సుమారు 12 కోట్ల 70 లక్షలు! నిమిషానికి 200 మాటల చొప్పున, రోజుకు 8 గంటలు, ఒక్క రోజు కూడా సెలవు లేకుండా చదివితే పూర్తిచేయడానికి మూడున్నర ఏళ్లు దాటుతుంది. ఒక్క పేరు కోసం ఎవరు చదువుతారు?

ఇంగ్లండులోని కొందరు చరిత్రకారులు ఈ పుస్తకాలన్నింటినీ కంప్యూటరులోకి ఎక్కించారు. 2003లో మొదటి భాగం ప్రజలకు అందింది. 2008 నాటికి 1913 వరకు ఉన్న పుటలన్నీ అందులో చేరాయి. ఇప్పుడు ఎవరైనా, ఎక్కడినుండైనా, ఉచితంగా వెతుక్కోవచ్చు.

బొమ్మ వేరు, అక్షరం వేరు

పుటను ఫోటో తీసి కంప్యూటరులో పెడితే సరిపోదా? సరిపోదు. ఫోటోలో మనకు అక్షరాలు కనిపిస్తాయి గాని, కంప్యూటరుకు కనిపించేవి నల్లచుక్కలు, తెల్లచుక్కలు మాత్రమే. 'ఈ చుక్కల గుంపు "ర" అనే అక్షరం' అని ఎవరో ఒకరు దానికి చెప్పాలి.

ఈ పనికి అక్షరాలను గుర్తుపట్టే యాంత్రిక పద్ధతి ఒకటి ఉంది. అది చుక్కల గుంపు ఆకారాన్ని తనకు తెలిసిన అక్షరాల ఆకారాలతో పోల్చి చూస్తుంది. కొత్త పుస్తకాల్లో అది చక్కగా పనిచేస్తుంది. పాత పుస్తకాల్లో తడబడుతుంది. పాత కాగితం మీద వెనుక పుటలోని సిరా ముందుకు కనిపిస్తుంది. పైగా 18వ శతాబ్దం చివరిదాకా ఇంగ్లీషులో 'ఎస్' అక్షరాన్ని మాట మొదట్లోను, మధ్యలోను పొడుగ్గా అచ్చువేసేవారు. అది అచ్చం 'ఎఫ్' లాగే ఉంటుంది. దాంతో 'సోల్డ్' అనే మాటను యంత్రం 'ఫోల్డ్' అని చదువుతుంది. అంటే 'అమ్మాడు' అన్నది కాస్తా 'మడత' అయిపోతుందన్నమాట!

అందుకని ఓల్డ్ బెయిలీ పాత పుటలను మనుషులే టైపు చేశారు. అదీ ఒకరు కాదు, ఇద్దరు. ఒకరు చేసినది మరొకరు చూడకుండా విడివిడిగా చేశారు. తరువాత కంప్యూటరు ఆ రెండు ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చింది. తేడా ఉన్నచోట మళ్లీ అసలు పుటను చూసి సరిదిద్దారు.

ఇద్దరెందుకు? లెక్క వేసి చూద్దాం. ఒక్కొక్కరు వెయ్యి అక్షరాలకు ఒక తప్పు చేస్తారనుకుందాం. ఒకరి తప్పుకు మరొకరి తప్పుతో సంబంధం లేకపోతే, ఇద్దరూ ఒకే అక్షరం దగ్గర తప్పు చేయడం పది లక్షలకు ఒకసారి మాత్రమే జరుగుతుంది. మిగిలిన తప్పులన్నీ పోల్చినప్పుడు బయటపడతాయి. అయితే అసలు అచ్చులోనే అక్షరం చెరిగిపోయి ఉంటే ఇద్దరూ ఒకేలా పొరబడవచ్చు. అందుకే టైపు చేసిన మాటలతోపాటు అసలు పుట ఫోటోను కూడా ఉంచారు. అనుమానం వస్తే పాఠకుడు స్వయంగా చూసుకోవచ్చు.

తిరగేసిన పుస్తకం

ఇప్పుడు మాటలు కంప్యూటరులో ఉన్నాయి. మనం ఒక పేరు అడిగిన ప్రతిసారీ అది 12 కోట్ల మాటలను మొదటినుండి చదువుతుందా? చదవదు. ముందుగానే ఒక సూచిక తయారుచేసి పెట్టుకుంటుంది.

మూడు చీటీలు తీసుకోండి. మొదటి చీటీలో 'రాముడు గడియారం దొంగిలించాడు' అని రాయండి. రెండోదానిలో 'సోముడు గడియారం కొన్నాడు' అని, మూడోదానిలో 'రాముడు జైలుకు వెళ్లాడు' అని రాయండి. ఇప్పుడు మాటలను విడదీసి, ఒక్కొక్క మాట ఏయే చీటీలలో ఉందో రాద్దాం:

గడియారం - 1, 2
జైలుకు - 3
రాముడు - 1, 3
సోముడు - 2

పుస్తకంలో పుటను తెరిస్తే మాటలు కనిపిస్తాయి. ఇక్కడ మాటను చూస్తే పుటల అంకెలు కనిపిస్తున్నాయి. పుస్తకాన్ని తిరగేసినట్లయింది గదా! 'రాముడు', 'గడియారం' రెండూ ఉన్న చీటీ ఏది? రెండు వరుసల్లోను ఉన్న అంకె 1. చీటీలు చదవకుండానే జవాబు దొరికింది.

సూచికలో మాటలు అకారాది క్రమంలో ఉంటాయి కనుక వెతకడం కూడా సులభం. సరిగ్గా మధ్యనున్న మాటను చూసి, మనకు కావలసినది దానికి ముందుందో వెనకుందో తేల్చుకుంటే సగం వదిలేయవచ్చు. మిగిలిన సగంలో మళ్లీ సగం. ఇలా పది లక్షల మాటలున్న సూచికలో కూడా సుమారు 20 సార్లు చూస్తే చాలు, కావలసిన మాట దొరుకుతుంది.

రత్నం పోయింది!

'రత్నం పోయింది' అని ఒక కాగితంలో ఉందనుకోండి. పోయినది ఉంగరంలోని రాయా? లేక రత్నం అనే ఆవిడా? చదివేవారికి సందర్భాన్నిబట్టి తెలుస్తుంది. యంత్రానికి అంత సులభంగా తెలియదు. ఇంగ్లీషులోనూ అంతే. 'బ్రౌన్' అంటే ఒక మనిషి ఇంటిపేరు కావచ్చు, కోటు రంగూ కావచ్చు.

అందుకని ఓల్డ్ బెయిలీ పుటల్లో మాటలకు గుర్తులు తగిలించారు. ఇది ముద్దాయి పేరు, ఇది బాధితుని పేరు, ఇది నేరం, ఇది తీర్పు, ఇది శిక్ష - ఇలా. దానివల్ల '1750 నుండి 1760 వరకు దొంగతనం కేసుల్లో విడుదలైన స్త్రీలు ఎందరు?' వంటి ప్రశ్నలు కూడా అడగవచ్చు.

మరొక చిక్కు పేర్ల వర్ణక్రమం. ఒకే మనిషి పేరును ఒక గుమాస్తా వేంకటేశ్వరులు అనీ, మరొకరు వెంకటేశ్వర్లు అనీ రాస్తారు. స్మిత్ అనే ఇంగ్లీషు పేరును రెండు మూడు విధాలుగా రాసేవారు. అక్షరం అక్షరం కలిస్తేనే చూపిస్తానంటే సగం మంది తప్పిపోతారు.

దీనికి రాబర్ట్ రస్సెల్ అనే అమెరికన్ ఒక ఉపాయం కనిపెట్టి 1918లో పేటెంటు పొందాడు. మన వర్ణమాలలో ప, ఫ, బ, భ, మ ఒక వర్గం గదా. అవన్నీ పెదవులతో పలికేవి. ఆయన పద్ధతి కూడా కొంచెం అలాంటిదే. 'సౌండెక్స్' అనే పేరుతో వాడుకలోకి వచ్చిన రూపంలో పేరులోని మొదటి అక్షరాన్ని ఉంచి, తరువాతి అచ్చులను వదిలేస్తారు. దగ్గరి ధ్వనులు గల హల్లులకు ఒకే అంకె వేస్తారు. 'బి', 'పి', 'ఎఫ్', 'వి'లకు 1. 'డి', 'టి'లకు 3. ఇలా చేస్తే స్మిత్ పేరును ఎలా రాసినా ఎస్-530 అనే గుర్తే వస్తుంది. అమెరికాలో పాత జనాభా లెక్కల కాగితాలకు ఈ పద్ధతిలోనే సూచికలు తయారుచేశారు.

ఆ స్మిత్, ఈ స్మిత్ ఒకరేనా?

కోర్టు శిక్ష వేసిన తరువాత ఆ మనిషి ఏమయ్యాడు? ఆ సంగతి కోర్టు పుస్తకంలో ఉండదు. జైలు రిజిస్టరులో ఉంటుంది. 1788 నుండి 1868 వరకు బ్రిటను లక్షా 60 వేలకు పైగా ఖైదీలను ఓడల్లో ఆస్ట్రేలియాకు పంపింది. టాస్మేనియా దీవికి పంపినవారి ఎత్తు, కళ్ల రంగు, ఒంటిమీది మచ్చలు, పచ్చబొట్లు సైతం గుమాస్తాలు రాసి ఉంచారు. ఆస్ట్రేలియా ఖైదీల రికార్డులను యునెస్కో 2007లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

ఇంగ్లండు, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలవారు కలిసి కోర్టు కాగితాలను, ఓడ కాగితాలను, జైలు కాగితాలను ఒకదానితో ఒకటి ముడివేశారు. 2017లో వెలువడిన ఈ సంకలనం పేరు 'డిజిటల్ పనాప్టికాన్'. ఓల్డ్ బెయిలీలో శిక్ష పడిన సుమారు 90,000 మంది జీవితాలను ఇందులో గాలించవచ్చు.

ఇక్కడే జాగ్రత్త కావాలి. జాన్ స్మిత్ అనే పేరుగలవారు ఎందరో ఉన్నారు. కోర్టులోని జాన్ స్మిత్, ఓడ ఎక్కిన జాన్ స్మిత్ ఒకడేనని ఎలా చెప్పగలం? పేరు ఒక్కటే చాలదు. వయసు కలవాలి. శిక్ష వేసిన తేదీ కలవాలి. శిక్షాకాలం కలవాలి. ఎన్ని వివరాలు కలిస్తే నమ్మకం అంత పెరుగుతుంది. తొందరపడి ముడివేస్తే ఒకరి నేరం మరొకరి నెత్తిన పడుతుంది. టాస్మేనియాలో ఒకప్పుడు ఖైదీల సంతతివారు ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడేవారు. ఇప్పుడు ఎందరో తమ పూర్వీకులను ఇష్టంగా వెతుక్కుంటున్నారు. వారికి వేరొకరి తాతను చూపించడం తప్పు గదా!

నల్లరంగు కింద

ఆ ఖైదీలు చనిపోయి చాలా కాలమైంది. మరి బతికి ఉన్నవారి కాగితాలైతే? సాక్షుల పేర్లు, బాధితుల చిరునామాలు, రోగుల వివరాలు అందరికీ దొరకకూడదు. అందుకే కాగితాలను విడుదల చేసేముందు అలాంటి మాటల మీద నల్లరంగు పూస్తారు.

కంప్యూటరు కాగితంలో ఈ పనిని అజాగ్రత్తగా చేస్తే ప్రమాదం. నల్లని పట్టీ కేవలం పైన పరచిన గుడ్డలాంటిది కావచ్చు. కింద అక్షరాలు అలాగే ఉంటాయి. 2019 జనవరిలో అమెరికాలో ఒక పెద్ద కేసులో న్యాయవాదులు దాఖలుచేసిన కాగితంలో ఇదే జరిగింది. నల్లపట్టీ ఉన్నచోటును నకలు చేసి వేరొకచోట అతికిస్తే, దాచామనుకున్న మాటలన్నీ బయటపడ్డాయి! సూచిక తయారుచేసే యంత్రం కూడా పట్టీ కింది మాటలను చదివేస్తుంది. కనుక మాటలను కప్పడం కాదు, పూర్తిగా తొలగించాలి.

మన దేశంలో

మన సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. అర్జీ పెట్టి సమాచారం అడగవచ్చునని అందరికీ తెలుసు. అంతగా తెలియని సంగతి మరొకటి ఉంది. ప్రతి కార్యాలయమూ తన రికార్డులకు జాబితాలు, సూచికలు తయారుచేసి ఉంచాలని ఆ చట్టంలోని 4వ సెక్షను చెబుతోంది. అంటే సూచిక అనేది దయతో ఇచ్చేది కాదు, మన హక్కులో భాగం. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం 2015లో 'అభిలేఖ్ పటల్' పేరుతో తన పాత కాగితాలను వెతుక్కునే వీలు కల్పించింది.

తెలుగు కాగితాలతో పని మరింత కష్టం. గుణింతాలు, ఒత్తులు కలిసి మన లిపిలో వేల ఆకారాలు ఏర్పడతాయి. 'ప'కు 'వ'కు తేడా చిన్నది. 'ధ'కు 'థ'కు తేడా ఇంకా చిన్నది. ఇక పాత చేతిరాత సంగతి చెప్పనక్కరలేదు!

మీరే చేసి చూడండి

మీ సైన్సు నోటుపుస్తకం పుటలకు అంకెలు వేయండి. ముఖ్యమైన మాటలు యాభై ఎంచుకుని, ఏ మాట ఏయే పుటల్లో ఉందో అకారాది క్రమంలో రాయండి. మీ స్నేహితుణ్ణి కూడా విడిగా అదే పని చేయమనండి. తరువాత రెండు సూచికలను పోల్చండి. మీరు వదిలేసిన పుటలు ఆయనకు, ఆయన వదిలేసినవి మీకు కనిపిస్తాయి.

అప్పుడు ఒక సంగతి బాగా అర్థమవుతుంది. సూచికలో కనబడనంత మాత్రాన పుస్తకంలో లేదని కాదు. కంప్యూటరు 'దొరకలేదు' అన్నప్పుడు దానికి రెండు అర్థాలు ఉండవచ్చు. నిజంగా లేకపోవడం ఒకటి. ఎవరో అక్షరం తప్పు చదవడం, పేరు వేరుగా రాయడం, ఆ పుటను అసలు ఎక్కించకపోవడం రెండోది. కనుక 'దొరకలేదు' అని చూడగానే బీరువా మూసేయకండి. పేరును మరోలా రాసి, మళ్లీ ఒకసారి వెతకండి.