తుపాకి లేని వేట

తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. దానిని అమ్మడానికి అచ్చువేసిన కాగితానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. పాత కాటలాగులు, రంగుల కాలెండర్లు, తూటాల పెట్టెలపై అంటించిన చీటీలు, దుకాణాల గోడలకు కొట్టిన ఎనామెల్ రేకులు - వీటిని ప్రాణప్రదంగా కూడబెట్టేవారు అనేక దేశాలలో ఉన్నారు. ఢిల్లీ పొలిమేరలోని ఇందిరాపురంలో, రెండు గదుల అపార్టుమెంటులో కాపురమున్నవారు సైతం ఈ ముచ్చట తీర్చుకోవచ్చు. ఒక అట్టపెట్టె చాలు.

ఈ అభిరుచికి పుట్టినిల్లు అమెరికా అనవచ్చు. అక్కడి వించెస్టర్ కంపెనీ 19వ శతాబ్ది చివరి నాళ్ళ నుండి వర్తకులకు కాలెండర్లు పంచేది. ఏ. బి. ఫ్రాస్ట్, ఫిలిప్ గుడ్విన్, ఎన్. సి. వయెత్ వంటి పేరుమోసిన చిత్రకారులు ఆ కంపెనీకి బొమ్మలు వేశారు. ఏడాది గడవగానే కాలెండరు చెత్తబుట్ట పాలయ్యేది. అలా పారవేయగా మిగిలినవి కొన్నే గనుక వాటికి నేడింత గిరాకీ.

గిరాకీ ఉన్నచోట నకిలీ తప్పదు. చేతిలో ఒక భూతద్దం ఉంటే మోసపోయే అవకాశం తగ్గుతుంది. రాతి అచ్చున వేసిన పాత బొమ్మలో రంగు చుక్కలు క్రమం లేకుండా చెదరి ఉంటాయి. నేటి ఆఫ్‌సెట్ ప్రతిలో అవి బారులు తీరి కనిపిస్తాయి. మరొక హెచ్చరిక: తూటాలు అమర్చిన ప్రదర్శన పలకల జోలికి పోకపోవడం మేలు. 1959 నాటి ఆయుధ చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం తూటా భాగాలు కూడ మందుగుండు సామగ్రియే.

ఇందిరాపురం నుండి యమున దాటి వెళ్తే దరియాగంజ్. అక్కడి ఆదివారపు పాత పుస్తకాల సంత 2019 వరకు కాలిబాటలపైనే సాగి, ఆ ఏడే మహిళా హాట్ ఆవరణకు మారింది. పాత వారపత్రికల కట్టలను ఓపికగా తిరగవేసేవారికి తుపాకుల ప్రకటనలు తారసపడే చోట్లు ఇటువంటివే.

అయితే ఆ ప్రకటనలు ఎవరిని ఉద్దేశించి రాసినవి? నాకు అసలు ఆసక్తి ఇక్కడే. బ్రిటిష్ సైనికాధికారులు 1871లో స్థాపించుకొన్న ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్ 1891లో బొంబాయిలోను, 1901లో కలకత్తాలోను శాఖలు తెరచింది. దాని లావుపాటి కాటలాగులో టీ కప్పులతోపాటు తుపాకులు కూడ ఉండేవి. 1878లో లిట్టన్ ప్రభుత్వం తెచ్చిన ఆయుధ చట్టం మాత్రం భారతీయునికి లైసెన్సు విధించి, యూరోపియనుకు మినహాయింపు ఇచ్చింది. పుట ఒకటే, చూచి సంతోషించవలసినవారు కొందరు, కొనగలవారు వేరొకరు.

ఆ పుటలకు మనవారు తమ పద్ధతిలో బదులు చెప్పారు. కలకత్తాలో ఆయుధాలమ్మే రోడా కంపెనీకి వచ్చిన సరుకులో ఒక ఎడ్లబండిని 1914 ఆగస్టు 26న ఆ కంపెనీ గుమాస్తాయే విప్లవకారుల వైపు మళ్ళించాడు. అందులో 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు ఉన్నవి. రోడా పేరున్న కాగితం దొరికితే దాని విలువ అందలి బొమ్మలలో లేదు, ఈ కథలో ఉంది. ఇక మన మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను ముట్టడించి 26 తుపాకులు తీసుకొన్నాడు. తీసుకొన్నవాటి వివరం రాసి, సంతకం చేసి మరీ వెళ్ళాడు. కాటలాగు పక్కన ఉంచి చదువదగిన కాగితమది!

స్వాతంత్ర్యానంతరం ప్రకటనల గొంతు మారింది. 1960ల నాటి షికారు కంపెనీలు డాలర్లు గల విదేశీయులకు పులిని ఆశ చూపాయి. 1970లో పులుల వేటపై నిషేధం వచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ కరపత్రాలు అంతటితో నిలిచిపోయాయి. ఇప్పుడు ఒకటి దొరికితే సేకర్తకు పండుగే. బొమ్మలోని పులికి కాదు.