జీతం లేని పని – మనకేం మిగులుతుంది?



ఊళ్ళో చదువు కేంద్రం ఉంది. సాయంత్రం తలుపు తీయాలి. చాపలు పరవాలి. లైటు వెయ్యాలి. వచ్చినవాళ్ళకు పుస్తకాలు ఇవ్వాలి, మళ్ళీ తీసుకోవాలి. చూపు ఆనని ముసలివాళ్ళకు పేపరు చదివి వినిపించాలి. కొత్తగా వచ్చినవాళ్ళ చేత అ, ఆ దిద్దించాలి. ఈ పనులన్నీ ఎవరు చెయ్యాలి?

మనలోనే ఎవరో ఒకరు చెయ్యాలి. కొన్ని ఊళ్ళలో ఈ పని మహిళా మండలి భవనంలో జరుగుతుంది. కొన్నిచోట్ల గ్రంథాలయంలో, కొన్నిచోట్ల పొదుపు సంఘం గదిలో జరుగుతుంది. చోటు ఏదైనా పని ఒకటే. జీతం తీసుకోకుండా చేసే ఇలాంటి పనిని స్వచ్ఛంద సేవ అంటారు. స్వచ్ఛందం అంటే ఎవరి బలవంతమూ లేకుండా, మన ఇష్టంతో అని అర్థం.

మనం కేంద్రానికి బయలుదేరితే ఇంట్లో ఏమంటారు?

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అంటుంది అత్త.

"రూపాయి రాని పని. దానివల్ల నీకేం ఒరిగింది?" అంటాడు భర్త.

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కూలి చేసుకునే ఆడదానికి గంట అంటే డబ్బే. కాబట్టి మనమూ లెక్క చూద్దాం. రోజూ ఒక గంట కేంద్రానికి ఇస్తే మనకు తిరిగి వచ్చేది ఏమిటి?

వచ్చిన అక్షరం పోదు

అక్షరాలు నేర్చుకోవడం ఒక ఎత్తు. వాటిని నిలుపుకోవడం ఇంకో ఎత్తు. వాడని కొడవలి తుప్పు పడుతుంది. చదవని అక్షరమూ అంతే. కొన్ని నెలలు పుస్తకం ముట్టుకోకపోతే ముందు ఒత్తులు మరిచిపోతాం. తర్వాత గుణింతాలు తడబడతాయి. చివరికి సంతకం ఒక్కటే మిగులుతుంది. అక్షరాస్యత ఉద్యమం ఆగిపోయిన చాలా ఊళ్ళలో ఇలాగే జరిగింది. నేర్చుకున్న చదువు పోకూడదనే 1990లలో నిరంతర విద్యా కేంద్రాలు పెట్టారు.

ఇంట్లో కూర్చుని మనకోసం మనం చదువుకుందామంటే తీరిక దొరకదు. పొయ్యి పిలుస్తుంది. పిల్లలు పిలుస్తారు. గేదె పిలుస్తుంది. అదే కేంద్రంలో పదిమంది మనకోసం ఎదురు చూస్తున్నారనుకోండి. చదవక తప్పదు. సాయంత్రం పేపరు చదివి వినిపించాలంటే ముందు మనం ఒకసారి చూసుకోవాలి. "క్ష ఎలా రాయాలి వదినా?" అని పక్కావిడ అడిగితే, ముందు మనకు సరిగ్గా రావాలి. ఒకరికి చెప్పిన పాఠం మనం రెండుసార్లు చదివినట్టు.

పుస్తకాల రిజిస్టరు సంగతి చూడండి. పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, తేదీ రాయాలి. రోజుకు పది పేర్లు రాస్తే నెలకు మూడు వందల పేర్లు అవుతాయి. వంకర టింకర రాత కుదురుకుంటుంది.

లెక్కలూ అంతే. నూటికి రెండు రూపాయల వడ్డీకి 5,000 రూపాయలు అప్పు తెచ్చాం. నెలకు వడ్డీ 100 రూపాయలు. ఏడాదికి 1,200 రూపాయలు. అసలు అలాగే ఉంటుంది. ఈ లెక్కను పదిమందికి వేసి చూపించిన మనిషిని వడ్డీ వ్యాపారి మాయ చెయ్యగలడా?

బెరుకు పోతుంది

ఊళ్ళో మనల్ని పేరు పెట్టి ఎంతమంది పిలుస్తారు? ఫలానా ఆయన భార్య, ఫలానా పిల్లాడి తల్లి అనే కదా పిలుపు. కేంద్రంలో అలా కాదు. రిజిస్టరులో మన పేరు ఉంటుంది. పుస్తకాలు ఇస్తుంటే పిల్లలు "పుస్తకాలక్కా" అంటారు. ఆ పిలుపు మన పని వల్ల వచ్చింది. ఒకరు ఇచ్చింది కాదు.

మొదటి రోజు పదిమంది ముందు గట్టిగా చదవాలంటే గొంతు వణుకుతుంది. పది రోజులకు ఆ వణుకు తగ్గుతుంది. నెలకు మాట స్పష్టంగా వస్తుంది. ఆ గొంతే తర్వాత బ్యాంకులో పనికొస్తుంది. మండలాఫీసులో పనికొస్తుంది. "నా కాగితం ఎంతవరకు వచ్చింది సార్?" అని అడగడానికి ధైర్యం వస్తుంది.

తెలివిడి పెరుగుతుంది

కేంద్రానికి రకరకాల పనుల మీద మనుషులు వస్తారు. ఒకామె బ్యాంకులో డబ్బు తీసే చీటీ తెస్తుంది. ఒకామె పింఛను దరఖాస్తు తెస్తుంది. ఇంకొకామె మందు సీసా తెచ్చి, "దీని గడువు తేదీ చూడమ్మా" అంటుంది. వాళ్ళకు సాయం చేస్తూ మనమూ నేర్చుకుంటాం.

ఒక ఉదాహరణ. పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఓఆర్ఎస్ పొట్లం ఇచ్చారు. ఎన్ని నీళ్ళలో కలపాలి? పొట్లం మీదే రాసి ఉంటుంది. పెద్ద పొట్లానికి కాచి చల్లార్చిన నీళ్ళు ఒక లీటరు కావాలి. చిన్న పొట్లమైతే నీళ్ళు తక్కువ. పొట్లం మొత్తం ఒకేసారి కలపాలి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబొయ్యాలి. ఇది పక్కింటావిడకు చదివి చెప్పిన తల్లికి, రేపు తన పిల్లవాడికి అవసరమైనప్పుడు ఒకరిని అడిగే పని ఉండదు.

తోడు దొరుకుతుంది

మన కష్టాలు చాలావరకు గోడల మధ్యే ఉండిపోతాయి. నాకు ఒక్కదానికే ఈ కష్టం అనుకుంటాం. కేంద్రంలో పక్కపక్కన కూర్చుని పని చేస్తుంటే మాట మాట కలుస్తుంది. నా కష్టమే ఆమెకూ ఉందని తెలుస్తుంది. సగం బరువు అక్కడే దిగిపోతుంది.

నలుగురు ఆడవాళ్ళు ఒకచోట కూర్చుంటే ఏమవుతుందో నెల్లూరు జిల్లా చూపించింది. అక్కడ 1990లో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. ఊళ్ళలో చదువుకున్న యువతీ యువకులు జీతం లేకుండా పాఠాలు చెప్పారు. దూబగుంట అనే ఊళ్ళో ఆడవాళ్ళు కలిసి సారా అంగడి మూయించారు. ఆ సంగతి చదువు పుస్తకంలో పాఠంగా వచ్చింది. మిగతా ఊళ్ళ ఆడవాళ్ళు చదివారు. "వాళ్ళు చేసింది మనం చెయ్యలేమా?" అనుకున్నారు. 1992లో సారా మీద ఉద్యమం జిల్లా అంతా పాకింది. తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995లో వచ్చిన పూర్తి మద్య నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. కానీ ఆడవాళ్ళకు వచ్చిన ధైర్యాన్ని ఎవరూ ఎత్తెయ్యలేకపోయారు. ఆ జిల్లా ఆడవాళ్ళే తర్వాత రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకునే పొదుపు సంఘాలు పెట్టుకున్నారు.

సేవతోనే ఎదిగిన మనిషి

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు విన్నారా? 1909లో రాజమండ్రిలో పుట్టారు. కాకినాడలో పెరిగారు. చిన్నతనంలోనే హిందీ నేర్చుకుని, తోటి ఆడవాళ్ళకు నేర్పారు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అక్కడి ఖద్దరు ప్రదర్శన దగ్గర ఆమె వాలంటీరు. టిక్కెట్టు లేకుండా ఎవరినీ పంపకూడదు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టిక్కెట్టు లేదు. ఆ చిన్నపిల్ల ఆపేసింది. టిక్కెట్టు కొన్నాకే లోపలికి పంపింది.

ఆమె స్వాతంత్ర్య ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. ఆగిన చదువును మళ్ళీ సాగించి లాయరు అయ్యారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. మన రాజ్యాంగం రాసిన సభలో సభ్యురాలు అయ్యారు. మొదలు ఎక్కడ? తనకు వచ్చిన నాలుగు ముక్కలు పక్కవాళ్ళకు చెప్పడం దగ్గర. మనకు అంత పేరు రాకపోవచ్చు. కానీ ఆ మొదటి మెట్టు మనకూ అందుతుంది.

సేవ వేరు, వెట్టి వేరు

ఒక మాట గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఇష్టపడి చేస్తే సేవ. తప్పదని చేయిస్తే వెట్టి. జీతం ఇవ్వాల్సిన ఉద్యోగం పనిని "సేవ" అని పేరు పెట్టి చేయించుకుంటే ఒప్పుకోనక్కర్లేదు. ఊడ్చే పని, నీళ్ళు మోసే పని ఎప్పుడూ ఒకరి మీదే, ఒక కులం వాళ్ళ మీదే పడుతుంటే అది సేవ కాదు. అందరూ వంతులు వేసుకోవాలి.

అలాగే కూలి మానుకుని, నిద్ర మానుకుని చెయ్యక్కర్లేదు. ఇంటిపని అంతా ముగించుకున్నాకే వెళ్ళాలంటే ఎప్పటికీ వెళ్ళలేం. ఆ గంట ఇంటిపని మగవాళ్ళు, పెద్ద పిల్లలు పంచుకోవాలి. ఆ మాట ఇంట్లో ముందే చెప్పుకోవాలి.

ఎలా మొదలుపెట్టాలి?

1. ముందు వారానికి రెండు రోజులు, రోజుకు ఒక గంట చాలు.

2. ఒక్కరే వద్దు. ఇంకొకరిని తోడు తీసుకోండి. ఒకరికి వీలు కాకపోతే ఇంకొకరు చూస్తారు.

3. మీకు బాగా వచ్చిన పనే ఎంచుకోండి. చదివి వినిపించడం, లెక్క రాయడం, కుట్టు నేర్పడం, పిల్లల్ని చూడడం, ఏదైనా సరే.

4. డబ్బు లెక్క ఉంటే ఏ రోజుకారోజు రాయండి. అందరి ముందు చదివి వినిపించండి.

చెయ్యాల్సిన పని ఇంకా చాలా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991 జనాభా లెక్కల ప్రకారం నూరు మంది ఆడవాళ్ళలో 33 మందికే చదువు వచ్చు. 2011 నాటికి 59 మందికి వచ్చింది. మిగిలిన 41 మంది మన పక్కింట్లోనే ఉండొచ్చు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నవ భారత సాక్షరతా కార్యక్రమంలోనూ చదువు చెప్పేది స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవాళ్ళే.

పక్కింటావిడకు అ, ఆ దిద్దించండి. ఆమెకు చదువు వస్తుంది. మీ చదువు మీ దగ్గరే ఉంటుంది.

ఆలోచించండి – మాట్లాడుకోండి

మీ ఊళ్ళో ఆడవాళ్ళు కలిసి కూర్చునే చోటు ఏది?

మీకు వచ్చి, పక్కావిడకు రాని పని ఏది? ఆమెకు వచ్చి, మీకు రాని పని ఏది?

కేంద్రానికి వెళ్ళే ఆ గంటలో మీ ఇంటిపని ఎవరు పంచుకుంటారు?