రహీం సాహెబు పదకొండుగురు

నూర్పిళ్ళు ముగిసి, ధాన్యము గాదెల కెక్కి, కళ్ళములు ఖాళీ పడిన పిమ్మట, చుట్టును మినుపచేలు పచ్చగా నల్లుకొనుచుండ, పామర్రు పొలిమేరలందు కుఱ్ఱవాండ్రు సంజవేళ చెడుగుడు ఆడుచుందురు. బందరు రోడ్డున పోవు బస్సుల మ్రోత వారి కూతను మ్రింగివేయుచుండును గాని ఆట మాత్ర మాగదు. ఒకడు పట్టుబడి గీత వెలుపల కూర్చుండినంతనే మిగిలినవారు తమ నిలుకడలను మార్చుకొని, ఆ ఖాళీని తమలో తాము పంచుకొనవలయును. ఎంతటి కండబలము గలవాడైనను, ప్రక్కవాని పని యెఱుగనిచో ఆ క్షణమున నెందులకును కొఱగాడు. నలుగురు పోయి ముగ్గురే మిగిలిన పక్షము ఎదుటివారిని మట్టి కఱపించుట చూచినప్పుడెల్ల, చెడుగుడుతో నేమాత్రము సంబంధము లేని హైదరాబాదు ఉపాధ్యాయుడొకడు నాకు స్మృతికి వచ్చును.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదున జన్మించి, బడిపంతులుగా జీవితము నారంభించి, 1943లో నగర ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, 1950 మొదలు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకును భారత జట్టునకును శిక్షకుడుగా నుండెను. ఆ పోలీసు జట్టు 1950 నుండి 1954 వఱకు ఏటేట బొంబాయికి పోయి, వరుసగా ఐదు పర్యాయములు రోవర్స్ కప్పును గెలుచుకొని వచ్చినది. కలకత్తాలోని పెద్ద క్లబ్బులకున్న ధనము గాని, ఆదరము గాని వీరికి లేదు. ఉన్నదెల్ల రహీం సాహెబు నేర్పిన విద్య. బంతిని కాళ్ళతో నాడించుచు ఒంటరిగా చొచ్చుకొనిపోవుట నిషేధించిన పోటీలను, బలహీనమైన పాదముతోనే తన్నవలెనను నియమము గల పోటీలను ఆయన పిల్లలకు పెట్టుచుండెడివాడు. కుడికాలి వాటము గలవానిని ఎడమకాలితో నాడు మనిన మొదట వాడు తూలును, నవ్వులపాలగును, విసుగుకొనును. ఒక యేడాది గడచినపిమ్మట మైదానమున నేమూల నిలిపినను వానికి పరాయిచోటన్నది యుండదు. పంతులు వృత్తి వలన నబ్బిన ఓర్పు గాక మఱేమి?

ఓటమి కూడ ఆయనకు పాఠ్యపుస్తకమే. 1952లో హెల్సింకీ ఒలింపిక్సున మనవారిలో ననేకులు ఆ చలిదేశపు పచ్చికపై వట్టికాళ్ళతో నాడి, యుగోస్లావియా చేతిలో పదింటి కొకటిగా చిత్తుగా నోడిరి. ఇట్టి పరాభవమున సాధారణముగా మనము చేయుపని నెపమును వెదకుట. వాతావరణమో, ఆహారమో, అధికారులో దొరకకపోరు. రహీం సాహెబు మాత్రము ఆ ఒలింపిక్సున స్వర్ణము గెలిచిన హంగేరీవారు తమ నడిమి దాడికారుని వెనుకకు లాగి ప్రత్యర్థులను తికమక పెట్టిన తీరును గమనించి, దానిని మన జట్టుకు అలవఱచెను. అటుపిమ్మట మనవారికి జోళ్ళును తప్పనిసరి యయ్యెను. ఆంధ్రప్రదేశ్ అవతరించి సరిగా నెల నిండిన నాడు, అనగా 1956 డిసెంబరు 1వ తేదీన, మెల్బోర్నులో ఆతిథేయులగు ఆస్ట్రేలియావారిని వారి గడ్డమీదనే 4-2తో గెలిచి భారతదేశము ఒలింపిక్ సెమీఫైనలు చేరెను. నెవిల్ డిసౌజా ఆనాడు మూడు గోలులు కొట్టెను. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివాడే. చివరకు నాలుగవ స్థానమే దక్కినను, మన ఫుట్‌బాల్ ఒలింపిక్సున దానిని దాటి పోయినది లేదు.

ఇక అసలు కథ 1962 నాటి జకార్తా ఆసియా క్రీడలది. ఆగస్టు 26న దక్షిణ కొరియాతో జరిగిన తొలి యాటలోనే మనవారు 0-2తో నోడిరి. తరువాత థాయిలాండును 4-1తో గెలిచిరి గాని, ఆ యాటలో రక్షణ దుర్గమునకు మూలస్తంభ మనదగిన జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడెను. హైదరాబాదున పుట్టిన ఆజానుబాహుడు, గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ జ్వరముతో మూలబడెను. ఇవి చాలవన్నట్లు, మైదానము వెలుపల రాజకీయపు మంటలు చెలరేగెను. ఇజ్రాయెల్, తైవాన్ దేశముల వారికి ఇండొనేషియా ప్రవేశము నిరాకరింపగా, మనదేశపు క్రీడాప్రముఖుడు జి.డి. సోంధీ అందుకు అభ్యంతరము తెలిపెను; దానితో జకార్తా ప్రజలు మండిపడి, భారత రాయబార కార్యాలయముపై దాడి చేసిరి. అన్నమాట సోంధీది, తిట్లు పడినది బంతి తన్నువారికి! తలపాగాను చూచి జనులు గుర్తింతురేమో యని జర్నైల్ బస్సులో కిటికీల కగపడకుండ క్రింద కూర్చుండి ప్రయాణము చేసెనని సహచరులు తరువాతి కాలమున చెప్పుకొనిరి.

వీటికితోడు రహీం సాహెబు దేహమును కాన్సరు వ్యాధి తొలిచివేయుచుండెను.

ఇట్టి సంకటమున ఆయన చేసినది చూడుడు. తలకు గాయమైనవానిని రక్షణపంక్తిలో నిలిపినచో ప్రతి గాలిబంతికిని పోటీపడవలసివచ్చును. విశ్రాంతి యిచ్చినచో అంతటి ధీరుడు జట్టులో నుండడు. కాబట్టి ఆయన జర్నైలును వెనుకనుండి తీసి, ముందువరుస నడుమ నిలిపెను. జర్నైల్ దానిని అవమానముగా గాని, విడ్డూరముగా గాని భావింపలేదు. దక్షిణ వియత్నాముతో జరిగిన సెమీఫైనలులో నొక గోలు కొట్టెను, చూనీ గోస్వామి రెండు కొట్టెను, ఆట 3-2తో మనదయ్యెను. వెనుక అతడు విడిచిన చోటును మిగిలినవారు భర్తీ చేసిరి. అది ఆ పూట పుట్టిన తెగువ కాదనియు, ఎడమకాలి పోటీలు నేర్పిన విద్యయే ఏండ్ల తరువాత జకార్తాలో అక్కఱకు వచ్చినదనియు నా నమ్మకము. పట్టుదల యను మాటను మనము మిక్కిలి చవుకగా వాడుదుము. పట్టుదల యెంత యున్నను, అరుగని పాఠము పరీక్షనాడు వ్రాయరాదు గదా.

ఫైనలుకు ముందురాత్రి రహీం సాహెబు శిష్యులను చేరబిలిచి, తన కొక కానుక కావలెననియు, అది స్వర్ణపతకమే యనియు కోరెనని చెప్పుదురు. సెప్టెంబరు 4న సెనయాన్ క్రీడాంగణమున లక్షమంది చేరి మనవారిని చూచి అరచుచుండిరి. ఆ మహాజనసమూహమున మనవారిని ప్రోత్సహించిన పిడికెడు మందిలో పాకిస్తాను హాకీ ఆటగాండ్రు నుండిరనుట వినసొంపుగా నుండు విషయము. ఎదుట తొలియాటలో నోడించిన అదే కొరియా. జ్వరము తగ్గిన తంగరాజ్ గోలుముందు నిలిచెను. పదునేడవ నిమిషమున పి.కె. బెనర్జీయు, ఇరువదవ నిమిషమున జర్నైలును బంతిని వలలో పడవేసిరి. ఆట ముగియవచ్చు సమయమున కొరియావా రొకటి తిరుగగొట్టిరి గాని, 2-1తో స్వర్ణము మనకే దక్కెను.

1963 జూన్ 11న రహీం సాహెబు కన్నుమూసెను. 1964లో ఆసియా కప్పున మనవారు రెండవస్థానమున నిలిచిరి. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలందు కాంస్యము వచ్చెను. స్వర్ణము నేటికిని మరల రాలేదు. తన ఆటగాండ్రలో ప్రతివానికిని మఱొకని పని నేర్పిన ఆ పంతులు, తన పని నేర్చిన వానిని మాత్రము సిద్ధము చేయలేకపోయెనని కొందఱు నిష్ఠూరమాడుదురు. ఆ నిందలో సగమే న్యాయము. ఆయన పోలీసు జట్టును, ఆయన పోటీలను కాపాడుకొనవలసిన బాధ్యత మనదే గాని చనిపోయినవానిది కాదు.

ఈ కథను మొన్న కళ్ళమువద్ద కుఱ్ఱవాండ్రకు చెప్పితిని. శ్రద్ధగనే వినిరి. అందులో నొకడు, గాయమైన మోకాలికి గుడ్డ చుట్టుకొని గీతవెలుపల కూర్చున్నవాడు, "కుట్లు పడినోణ్ణి ముందుకి పంపితే, మళ్ళీ తలకే బంతి తగిల్తే ఏం చేసేవాడండీ మీ సాహెబు?" అని అడిగెను. నేను జవాబు వెదకుకొనుచుండగనే వాని పక్షమువారు ఒకనిని పట్టి పాయింటు తెచ్చిరి. వాడు మోకాలి గుడ్డను బిగించుకొని లోనికి పోయెను.