సరుకు విమర్శ కూడా సరుకైతే

1970ల చివర ఇంగ్లండులో పంక్ సంగీతం వెన్నంటి వచ్చిన ధోరణిని పోస్ట్-పంక్ అంటారు. అందులో వస్తు శిల్పాల ఐక్యతకు నేను ముందుగా చెప్పే పేరు లీడ్స్ బృందం 'గ్యాంగ్ ఆఫ్ ఫోర్'. చైనా 'నలుగురి ముఠా' పేరే పెట్టుకున్నారు! 1979 నాటి తొలి ఆల్బం 'ఎంటర్‌టైన్‌మెంట్!'లో వస్తువు, తీరిక వేళా ప్రేమా సైతం సరుకులైపోవడం. శిల్పమూ దానికి తగ్గదే. ఆండీ గిల్ గిటారు రాగాన్ని సాగదీయదు, ముక్కలుగా నరుకుతుంది, శ్రోతను మైమరచిపోనివ్వదు. ఎర్రని అట్టమీద, తెల్లవాడి కరచాలనాన్ని స్నేహమని నమ్మి మోసపోతున్న అమెరికన్ ఆదివాసి బొమ్మ.

గిల్ మరణించిన మరుసటి ఏడు, 2021లో, మాటడార్ సంస్థ ఈ ఆల్బాన్ని 'గ్యాంగ్ ఆఫ్ ఫోర్ 77-81' అనే ఖరీదైన పెట్టెలో మళ్ళీ వినైల్ మీద తెచ్చింది. తోడుగా రెండో ఆల్బం 'సాలిడ్ గోల్డ్' (1981), విడిపాటల రికార్డు, స్టూడియో చిత్తుప్రతుల కాసెట్, నూరు పేజీల పుస్తకం. సరుకును దుయ్యబట్టిన పాట అలంకారమైపోయిందని అనడం తేలిక. కాని 1979లోనూ దాన్ని అమ్మింది ఇ.ఎం.ఐ. వంటి మహా కంపెనీయే. ఆ వైరుధ్యం పుట్టుకతోనే ఉంది.

నాకు విలువైనదిగా తోచేది ఆ కాసెట్. పరిష్కృత ప్రతిలో పాఠాంతరాలు చూసినట్టు, చిత్తునూ తుదిరూపాన్నీ పక్కపక్కన పెట్టి వినవచ్చు. సీలు విప్పకుండా బీరువాలో దాచుకున్నవాడికి ఆ అవకాశం లేదు.