చీమ నడుము, చీమ నడక

తులసికోట పక్కన చిటికెడు బెల్లప్పొడి చల్లి కూర్చుంటే చాలు, తోటలోని చీమలన్నీ ఒక్కొక్కటే బయటపడతాయి. నల్లగా ఉంటే నల్లచీమ, కుడితే ఎర్రచీమ అని మనం తేల్చేస్తాం గానీ, ఆ రెండు రంగుల్లోనే ఎన్ని వంశాలో! రంగుకన్నా నమ్మదగిన ఆనవాలు నడుము.

భూతద్దంలో చూడండి. రొమ్ముకీ పొట్టకీ నడుమ, చెరకుగడకు ఉన్నట్టు, చిన్న కణుపు కనిపిస్తుంది. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి రెండు. గండుచీమది ఒంటి కణుపు. దానికి కొండి లేదు; కొరికి, ఆ గాటుమీద ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. మంట పుట్టించే ఎర్రచీమ సోలెనాప్సిస్ జెమినేటాది జంట కణుపు. దవడలతో చర్మాన్ని పట్టి, పొట్ట వంచి కొండి దించుతుంది.

క్రెమాటోగాస్టర్ నడుము మరీ విచిత్రం. రెండో కణుపు పొట్టకు ముందువైపున కాక పైభాగాన అతుక్కుని ఉంటుంది. అందుకే పుల్లతో కదిలిస్తే చాలు, హృదయాకారపు పొట్టను తలమీదికి ఎత్తి నిలబడుతుంది.

మరి 1.5 మిల్లీమీటర్ల టాపినోమా సంగతి? దాని కణుపు పొట్టకింద దాక్కుంటుంది. ఇక్కడ మాత్రం రంగునే నమ్మాలి: తల నలుపు, పొట్టా కాళ్లూ పాలిపోయిన తెలుపు. సున్నం వేసిన గోడమీద పాకితే తలలే కదులుతున్నట్టుంటుంది. నలిపితే మురిగిన కొబ్బరి వాసన.

పారాట్రెచినా లాంగికార్నిస్‌ను నడకే పట్టిస్తుంది. ఒంటికి మించిన కాళ్లు, మీసాలు. తిన్నగా పోవడం తెలియనట్టు వంకరటింకరగా ఉరుకుతుంది.

ఒకే బారులో చిన్నచీమలూ, వాటి మధ్య బండతల చీమలూ కలిసి పోతుంటే రెండు జాతులనుకోకండి. అవి ఫైడోలే చీమలు. అన్నీ ఆడవే, ఒకే పుట్టలో పెరిగినవే. గట్టి గింజ ఎదురైతే పెద్దతలలు దవడలతో పగలగొడతాయి. మోసే పని చిన్నవాటిది.

పేరు తెలిశాక ప్రయాణం చూడాలి. చిక్కుడు పాదు పైకి చీమల బారు ఎక్కుతోందంటే లేతకొసల్లో పేనుబంక ఉందేమో వెతకండి. అది విసర్జించే తీపిద్రవం కోసం చీమలు కాపలా కాస్తాయి, పేనుబంకను తినే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. రైతుకు మేలు చేసే పురుగు ఆకలితో వెనుదిరుగుతుంది. తీగ రసం పీల్చే పురుగేమో చీమల అండన పిల్లాపాపలతో వర్ధిల్లుతుంది.