విద్యుత్ కార్లు - సామాన్య ప్రజలు

నూతన వాహనం ఎంత ఉత్తమమైనదైనా సామాన్యుడు మొదట ధరను, తరువాత సౌకర్యాన్ని చూస్తాడు. నార్వే దేశానుభవం ఇందుకు నిదర్శనం. ఆ ప్రభుత్వం విద్యుత్ కార్లకు 1990లో కొనుగోలు పన్నును, 2001లో విలువ ఆధారిత పన్నును మినహాయించింది. అయినా చాలాకాలం వాటిని కొన్నవారు కొద్దిమందే. అప్పటి కార్లు చిన్నవి. ఒకసారి ఛార్జింగ్ చేస్తే ఎక్కువ దూరం పోలేకపోయేవి. 2010 తరువాత మేలైన కార్లు వచ్చాయి. ఇళ్ల వద్ద, రహదారుల వెంట ఛార్జింగ్ వసతి పెరిగింది. పెట్రోలు కార్లపై భారీ పన్నులు కొనసాగాయి. ఫలితంగా 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో సుమారు 89 శాతం విద్యుత్ కార్లే. చమురును ఎగుమతి చేసే దేశంలోనే ఈ మార్పు జరగడం విశేషం. ప్రజలు మారడానికి ఉపదేశం ఒక్కటే చాలదు. మారినవాడు నష్టపోడన్న నమ్మకం కలిగించాలి.