అధికారి బదిలీ అయితే అర్జీ కూడా బదిలీయేనా?

సొంత ఈమెయిల్‌లో సర్కారు వ్యవహారాలు

తాసీల్దారు కచేరీలో అర్జీ ఇస్తే గుమాస్తా మొదట చేసే పని దానిమీద ముద్ర కొట్టి ఇన్‌వార్డు రిజిస్టరులో నంబరు వేయడం. నంబరు పడ్డాక ఆ కాగితం ఏ ఒక్కరిదీ కాదు, ఆఫీసుది. తాసీల్దారు మారినా, గుమాస్తా రిటైరైనా, రిజిస్టరు తిరగేస్తే అర్జీ ఏ తేదీన వచ్చిందో, ఏ సీటు దగ్గర ఆగిందో తేలుతుంది. పని కాకపోయినా ఆనవాలు మిగులుతుంది.

ఇప్పుడు చాలా కాగితాల స్థానంలో ఈమెయిల్ వచ్చింది. కొన్ని ఆఫీసుల బోర్డుల మీద ప్రభుత్వ చిరునామాకు బదులు జీమెయిల్ చిరునామాలే కనిపిస్తుంటాయి. అందులో తప్పేముంది, పని త్వరగా అవుతుంది కదా అనిపించవచ్చు. కానీ ఆ ఖాతా అధికారి సొంతమైతే, బదిలీనాడు ఆయన పెట్టే బేడాతోపాటు ఉత్తరాలూ వెళ్లిపోతాయి. కొత్తగా వచ్చినవారు ‘నా దృష్టికి రాలేదు’ అంటే అడిగే దిక్కుండదు. పంపిన నకలు అర్జీదారు వద్ద ఉండవచ్చు. దానిపై అధికారులు తమలో తాము ఏం రాసుకున్నారో తెలిపే రికార్డు మాత్రం ఆఫీసులో ఉండదు.

అగ్రరాజ్యంలోనూ అదే తంతు

ఇది మన మండలాల బెడద మాత్రమే కాదు. అమెరికా విదేశాంగ మంత్రిగా 2009 నుంచి 2013 వరకు పనిచేసిన హిల్లరీ క్లింటన్ ప్రభుత్వ ఉత్తరాలను ఇంట్లో పెట్టుకున్న సొంత సర్వరు ద్వారానే నడిపారు. పదవి వీడిన చాలాకాలానికి, 2014 డిసెంబరులో, సుమారు 30 వేల ఉత్తరాలను ప్రభుత్వానికి అప్పగించారు. దాదాపు అన్నే ఉత్తరాలను సొంత విషయాలవని పక్కన పెట్టారు. అప్పగించిన వాటిలో లేని వేలాది ఆఫీసు ఉత్తరాలు దర్యాప్తులో బయటపడ్డాయని 2016 జులైలో ఎఫ్.బి.ఐ. ప్రకటించింది. కేసు పెట్టాలని మాత్రం సిఫారసు చేయలేదు. ఏది ఆఫీసుది, ఏది సొంతం అన్న లెక్క తేల్చే పని ఖాతాదారు చేతికే వెళ్లడం ఇక్కడ అసలు చిక్కు.

సొంత ఖాతాలో ఆఫీసు ఉత్తరం రాస్తే 20 రోజుల్లోగా దాని నకలు ప్రభుత్వ ఖాతాకు చేర్చాలని అమెరికాలో 2014లో చట్టం చేశారు.

ఢిల్లీలో జరిగిందేమిటి?

కేంద్ర ప్రభుత్వ రికార్డులను అనుమతి లేకుండా దేశం దాటించరాదని 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం చెబుతోంది. అధికారుల ఉత్తరాలు విదేశీ కంపెనీల సర్వర్లకు చేరడం దీనికి విరుద్ధమంటూ కె.ఎన్. గోవిందాచార్య ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించారు. ఈమెయిల్ విధానాన్ని త్వరగా ఖరారు చేయాలని 2013లో కోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. 2015 ఫిబ్రవరిలో ఆ విధానం వెలువడింది. ఆఫీసు పనికి ప్రభుత్వ మెయిలే వాడాలన్నది దాని సారాంశం. అధికారికి పేరుతో ఒకటి, హోదాతో ఒకటి చొప్పున రెండు చిరునామాలు ఉండవచ్చు. ప్రజలతో వ్యవహరించేవారికి హోదా చిరునామాయే తగినదని సూచించింది. మనిషి మారినా కుర్చీ మారదు కనుక ఇది సబబైన ఏర్పాటు.

అయితే రాష్ట్ర ఉద్యోగులందరికీ ఇది దానంతటదే వర్తించదు. కేంద్రం మెయిల్ సేవను వాడుకునే, లేదా ఆ విధానాన్ని స్వీకరించే రాష్ట్రాలకే వర్తిస్తుంది. కింది స్థాయిలో పట్టింపు సడలడానికి ఇక్కడే సందు దొరుకుతోంది.

మన చేతిలో ఉన్న ఆయుధం

2005 నాటి సమాచార హక్కు చట్టం ‘సమాచారం’ అంటే ఏమిటో చెబుతూ ఈమెయిళ్లను కూడా పేర్కొంది. రికార్డులను జాబితా వేసి భద్రపరచాల్సిన బాధ్యతా ఆఫీసుదేనని అదే చట్టం స్పష్టం చేస్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. సరైన కారణం లేకుండా జాప్యం చేసిన అధికారికి సమాచార కమిషన్ రోజుకు 250 రూపాయల వంతున 25 వేల వరకు జరిమానా వేయవచ్చు. కానీ ఉత్తరం ఆఫీసు రికార్డులోకే ఎక్కకపోతే ‘మా వద్ద లేదు’ అన్న ఒక్క ముక్కతో ఈ హక్కు గాలికి పోతుంది.

కనుక మెయిల్‌లో అర్జీ పంపేవారు ప్రభుత్వ చిరునామా అడిగి తీసుకోవడం మేలు. జీమెయిల్‌కే పంపక తప్పకపోతే, అదే అర్జీ కాగితం మీద కూడా ఇచ్చి ఇన్‌వార్డు నంబరు వేయించుకోవాలి.

జిల్లా యంత్రాంగం చేయాల్సిందీ పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ప్రతి ఆఫీసు బోర్డు మీద హోదా పేరిట ప్రభుత్వ చిరునామా రాయించాలి. వచ్చిన ప్రతి మెయిల్‌కూ నంబరు వేయించాలి. బదిలీ వేళ చార్జి అప్పగించే జాబితాలో బీరువా తాళాలు, రిజిస్టర్లతోపాటు మెయిల్ ఖాతానూ చేర్చాలి. తాళాలు జేబులో వేసుకుని వెళ్లిపోయే అధికారిని మనం ఊరుకోం. ఉత్తరాల విషయంలోనూ ఊరుకోనక్కరలేదు.